పుస్తకమే బాగుంది

ఒక పెద్ద అడవిలో ఒక పెద్ద పుస్తకం ఉండేది. పేరు 'ఆవలిగట్టు బొరియ'. పదకొండు వందల తాటాకులు. తన చిన్ననాటి కథగా దాన్ని రాసింది ముళ్ళపంది కంటకరావు గారు, తన ఒంటి ముళ్ళే ఒక్కొక్కటీ పీక్కుని, వాటితోనే. అందుకని ఆ పుస్తకమంటే అందరికీ గౌరవం. చదువుదామనుకుంటే మాత్రం ఎవరికి వాళ్ళకి ఏదో ఒక పని అడ్డొచ్చేది.

ఆ పుస్తకం పేరు మీదే అడవిలో సాహితీ సభ వెలిసింది. అధ్యక్షులు కంటకరావు గారు, కార్యదర్శి నక్క సుబోధిని. సభకు ఒక్కటే నియమం. ఏ పుస్తకాన్నైనా సినిమాగా తీస్తే, చూసొచ్చిన సభ్యులు గుక్కెడు నీళ్ళు తాగకముందే "పుస్తకమే బాగుంది" అనాలి. అనకుండా నీళ్ళు తాగితే సభ్యత్వం రద్దు.

అడవిలో దోమలు తప్ప అందరూ సభ్యులే. ఆ ఒక్క మాట అనేస్తే పుస్తకం చదివినట్టే లెక్క. ఇంత సుళువుగా పండితులయ్యే మార్గం ఉంటే ఎవరు వదులుకుంటారు?

ఇలా ఉండగా కొండముచ్చు మంగ 'ఆవలిగట్టు బొరియ'ను సినిమా తీసింది. పట్టపగలు కూడా చీకటిగా ఉండే ఎలుగుబంటి గుహలో ఆడించింది. మొదటి ఆట చూసిన అడవిదున్న బయటికొచ్చి, "పుస్తకమే..." అని భోరుమంది. మిగతా మాట రాలేదు. సగమే అన్నావు కాబట్టి సగం దాహమే తీర్చుకో అంది సుబోధిని.

ఆ కబురు విని కంటకరావు గారి ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. ముప్ఫై ఏళ్ళుగా ఆయన సంపాదించుకున్నదంతా ఆ ఒక్క మాటే. అది కాస్తా పోతే ఆయనేమిటి? బొరియలో మూలన పడుండే ఒక ముసలి ముళ్ళపంది.

"సుబోధినీ, ఆ సినిమా ఇంకెవరూ చూడకూడదు" అన్నారు.

"నిషేధిస్తే ఎగబడతారండీ. చూడమనే చెబుదాం. కాకపోతే ముందు పుస్తకం చదివి రమ్మందాం. గుహ గుమ్మంలో ఒక ప్రశ్న. జవాబు చెప్పినవాళ్ళకే ప్రవేశం."

"నిజంగానే చదివేస్తే?"

ముప్ఫై ఏళ్ళు చదవనివాళ్ళు ఇప్పుడు చదివి చస్తారా అని నోటిదాకా వచ్చింది సుబోధినికి. దాన్ని మింగేసి, "తమరి పుస్తకం అందరికీ అందేదాండీ!" అంది.

కంటకరావు గారు దాన్ని పొగడ్త కిందే జమకట్టుకున్నారు.

కానీ అంత లావు దున్నను ఏడిపించిన సినిమా ఏమిటో చూడకపోతే ఎవరికి నిద్ర పడుతుంది? అడవికి అడవీ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. కుందేళ్ళు వంతులేసుకుని చదివాయి. ఒకటి కునుకు తీస్తే పక్కది చెవి మెలిపెట్టేది. కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుందని ఏనుగు నిలబడే చదివింది. వారం తిరిగేసరికి గుహ ముందు బారులు తీరారు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. చదవనప్పుడు ఎంతో తేలిగ్గా దొర్లిన మాట చదివాక గొంతులో అడ్డం పడింది. అబద్ధం ఆడలేరు, నిజం చెప్పి సభ్యత్వం పోగొట్టుకోలేరు. సినిమా చూసినవాళ్ళంతా వాగు ఒడ్డున నాలుకలు వేలాడేసుకుని, నీళ్ళ వంక చూస్తూ కూర్చున్నారు.

ఇక లాభం లేదని కంటకరావు గారు తనే గుహకు బయల్దేరారు. గుమ్మంలో ఎలుగుబంటి భల్లయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ప్రశ్న అండీ."

"నాకా! రాసిందే నేనయ్యా!"

"రూలు కూడా తమరిదేనండీ. నాలుగో అధ్యాయంలో వాగు దాటింది ఎవరు?"

"ఇదీ ఒక ప్రశ్నేనా? మా అమ్మ."

"తప్పండీ. నాలుగో అధ్యాయంలో ఎవరూ దాటరు. వాగు వర్ణనే నలభై ఆకులు. దాటడం ఇరవై మూడులో." భల్లయ్య చాలా మర్యాదగా పక్కకు చూపించాడు. "చదువుకుని రండి."

వెనక వరసలో కుందేళ్ళు కిసుక్కుమన్నాయి.

కంటకరావు గారు బొరియకొచ్చి, ముప్ఫై ఏళ్ళ తర్వాత తన పుస్తకం తెరిచారు. పన్నెండో ఆకు దగ్గర తల వాలిపోయింది. లేచి ముఖం కడుక్కున్నారు. అరవయ్యో ఆకు దగ్గర, "ఎవడ్రా ఇది రాసింది!" అని పైకే అనేసి, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశారు. చిన్న అక్షరాల వివరణలన్నీ వదిలేస్తూ ఎలాగో గట్టెక్కి, మర్నాడు కొత్త ప్రశ్నకు జవాబు చెప్పి లోపలికి వెళ్ళారు.

గోడ మీద వాగు పొంగుతోంది. ఒడ్డున తల్లి ముళ్ళపంది, పక్కన వణుకుతూ పిల్ల. తల్లి తన ఒంటి మీద ముళ్ళన్నీ మెల్లగా వాల్చుకుని, వంగి, పిల్లను వీపు మీదికి ఎక్కించుకుంది. వరదలో కొట్టుకొచ్చిన కొమ్మలు డొక్కలో పొడుస్తున్నా ఒక్క ముల్లు కూడా లేవనివ్వలేదు. ఆవలిగట్టున పిల్ల దిగాకనే ముళ్ళు లేచాయి.

"అమ్మా!" అన్నారు కంటకరావు గారు, గుహంతా వినపడేలా. ఆవిడ పోయిన రోజున కూడా ఆయన అంతగా ఏడవలేదు.

ఆట అయ్యాక మంగ దగ్గరికి వెళ్ళారు. "అమ్మ ముళ్ళు వాల్చడం నేను రాయలేదే. నీకెలా తెలిసింది?"

"రాశారండీ. ఇరవై మూడులో, వాగు పుట్టుక గురించిన వివరణ చివర, చిన్న అక్షరాల్లో. 'ఆ రోజు అమ్మ ముళ్ళు నాకు గుచ్చుకోలేదు' అని. మీ పుస్తకం నాలుగుసార్లు చదివానండీ. ఆ ఒక్క వాక్యం కోసమే సినిమా తీశాను."

తన పుస్తకానికి మొట్టమొదటి పాఠకురాలు ఎవరో కంటకరావు గారికి అప్పుడు తెలిసింది. ఆమె మీదేనా పరీక్షలు పెట్టి పోరాడానని సిగ్గుతో కుంచించుకుపోయారు.

వాగు ఒడ్డున అడవంతా ఆయన కోసమే ఎదురుచూస్తోంది. సుబోధిని సభ్యుల పట్టీ పట్టుకుని నిలబడింది. "అనండి అధ్యక్షా! మీరంటే అందరూ అంటారు."

"సినిమాయే బాగుంది" అన్నారు కంటకరావు గారు. వంగి, కడుపారా నీళ్ళు తాగారు.

అంతే, అడవంతా "సినిమాయే బాగుంది!" అంటూ వాగు మీద పడింది. కుందేళ్ళు ఈ చివర, ఏనుగు ఆ చివర. దున్న తన మిగతా సగం దాహం తీర్చుకుంది.

నియమం నియమమే. సుబోధిని అక్కడే కూర్చుని ఒక్కొక్క పేరూ కొట్టేసింది. మొట్టమొదట అధ్యక్షులవారిది. చివరికి పట్టీలో ఒక్క పేరు మిగిలింది. పుస్తకమూ చదవని, సినిమా కూడా చూడని సుబోధిని పేరు. ఆమె ఖాళీ సభలో అధ్యక్ష పీఠమెక్కి, గొంతు సవరించుకుని, "పుస్తకమే బాగుంది" అంది. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

నీతి: పుస్తకమే గొప్పదని చివరిదాకా నిలబడి వాదించదలుచుకుంటే, పొరపాటున కూడా దాన్ని చదవకండి.