ఫ్రిజ్‌లో మూడు చెరువులు

పదకొండు గంటలకు మీటింగు. కొండ మీది చెరువు, అడవిలోని మడుగు, ఊళ్లోని చెరువు: మూడింటి నీళ్లూ సీసాల్లో పట్టి, ఫ్రిజ్‌లో పెట్టి, కోడలు నిశ్చింతగా స్నానానికి వెళ్లింది. ఊరి చెరువును పూడ్చి బస్టాండు కట్టాలని పురపాలక అధికారి పట్టుబట్టి కూర్చున్నారు. మిగతా రెండింటిలో లేనంత ప్రాణం దీనిలో ఉందని సూక్ష్మదర్శినిలో చూపిస్తే తప్ప ఆయన వినేలా లేరు. ఆ చెరువు కోసం ఆరేళ్లు అరిగిన మనిషి ఆమె.

అత్తగారు ముప్పై ఏళ్లు ఆసుపత్రి వార్డులో నర్సు. తేదీ వేయని సీసా కంటపడితే పారబోయందే ఆవిడకు తోచదు. ఫ్రిజ్ తెరిచారు. పచ్చటిది సింకులోకి పోయింది, గోధుమరంగుదీ దాని వెనకే పోయింది. మూడోది తేటగా ఉంది. మంచినీళ్లకు తేదీ ఏమిటిలే అని మామగారి మాత్రల పక్కన పెట్టారు.

“అత్తయ్యా, నా సీసాలేవి?”

“కడిగి బోర్లించానమ్మా. ఒక్కదాని మీదా తేదీ లేదు.”

“తెల్లటిది?”

“మీ మామయ్య తాగారు.”

కోడలు నెత్తిన చేయి పెట్టుకుంది. “అందులో గాజు పెంకుల్లో బతికే నాచు ఉందత్తయ్యా. కంటికి కనిపించనంత చిన్నది. ఏమీ కాదులెండి.”

మామగారి చెవికి గాజు ఒక్కటే ఎక్కింది. పొట్ట పట్టుకుని సోఫాలో వాలిపోయారు. అత్తగారు నాడి చూసి, నాలుక చూసి, “పెళ్లయిన దగ్గర్నుంచీ ఈయనింతే” అని తేల్చేసరికి పది దాటింది.

కొండ చెరువు, అడవి మడుగు మూడేసి గంటల దారి. ఊరి చెరువు వీధి చివరే. “తప్పు నాది, తడిసేదీ నేనే” అంటూ అత్తగారే మోకాళ్ల లోతు దిగి, కోడలు చెప్పినట్టు సన్నటి వల లాగారు. పదకొండింటికి ఇద్దరూ ఆ ఒక్క సీసాతో, సూక్ష్మదర్శినితో పురపాలక కార్యాలయంలో ఉన్నారు.

“మూడు చెరువులని రాశారు, మిగతా రెండూ ఏవమ్మా?” అన్నారు అధికారి.

కోడలు నోరు తెరిచేలోగా అత్తగారు నిజం చెప్పేశారు. “ఒకటి సింకులో పోశానండీ. ఇంకొకటి మా ఆయన కడుపులో ఉంది.”

“మరి పోల్చడానికేముంది? పూడ్చేద్దాం” అని ఆయన ఫైలు మూశారు. కోడలికి ఏడుపొచ్చేసింది. ఆరేళ్ల కష్టం ఒక్క మాటతో నీళ్లపాలయింది.

ఇంత చేసి నేను పారబోసిందేమిటో చూద్దామని అత్తగారు సూక్ష్మదర్శినికి కన్నానించారు. ఇక కదల్లేదు.

“అబ్బ, ఎంత బాగుందో. ఒళ్లంతా అద్దమే. గుండె కొట్టుకోవడం కనిపిస్తోంది. కడుపుతో ఉంది, పిల్లలు కూడా కదులుతున్నాయి.”

“ఎవరు?” అంటూ అధికారి లేచారు.

“మెల్లగా రండి. పేషెంటు దగ్గర చప్పుడు చేయకండి.”

ఆయన వంగారు. నువ్వుగింజంతైనా లేని ఆ తల్లి నీటిపురుగు పక్కన ఆకుపచ్చ బంతులు దొర్లుతున్నాయి, తలమీద చక్రాలున్నట్టు ఏదో గిరగిరా తిరుగుతోంది. ఐదు నిమిషాలయింది, పదయింది. గుమాస్తా ఉండబట్టలేక అడిగాడు. “సార్, మరి బస్టాండు?”

ఆయన కన్ను తీయకుండానే అన్నారు. “బస్సులు ఎక్కడైనా ఆగుతాయయ్యా.”