1603వ నంబరు పాట

ఈ దేశానికి ఇప్పుడు కావలసింది సకాలంలో వానలు కాదు, మిర్చికి మంచి ధర కాదు, నాలుగు లైన్ల రోడ్లు అసలే కాదు. తొంభై తొమ్మిది శాతం దగ్గర ఆగిపోయే ఇన్‌స్టాలర్లు!

నవ్వకండి. ఊరికే అనడం లేదు. పన్నెండేళ్లుగా విండోస్ కంప్యూటర్లకు సాఫ్ట్‌వేర్లు రాసి పొట్టపోసుకుంటున్నవాణ్ని. పేరు ప్రసన్నకుమార్. ఇల్లు నల్లపాడు, ఆఫీసు మంగళగిరి. మా కంపెనీలో ఉన్నది ఐదుగురం. మేం తయారుచేసేది 'స్తుతితెర' అనే సాఫ్ట్‌వేర్. చర్చిలో పాట మొదలుపెట్టగానే ఆ పాట చరణాలను తెర మీద పెద్దగా చూపిస్తుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నూటపాతిక చర్చిల్లో ఉంది. ఉంది అంటే, ఇన్‌స్టాల్ అయినచోట ఉంది.

ఇన్‌స్టాలర్ అంటే తెలియని అదృష్టవంతులకు ఒక మాట. సాఫ్ట్‌వేర్‌ని తీసుకొచ్చి మీ కంప్యూటర్లో కాపురం పెట్టించే ప్రోగ్రాము అది. పెళ్లిపెద్ద లాంటిది. కాపురం నిలబడితే ఆయన్ని ఎవరూ తలుచుకోరు. చెడిందా, అందరూ ఆయన ఇంటి మీదికే వస్తారు.

మొన్నటిదాకా మా స్తుతితెరకి అసలు ఇన్‌స్టాలరే లేదు. పెన్‌డ్రైవులో పట్టుకెళ్లి కాపీ చేసేవాళ్లం, పనిచేసేది. అంత సులువుగా పనిచేస్తే ఇంజినీర్లమని మమ్మల్ని ఎవరు గౌరవిస్తారు? అందుకే నాలుగో వెర్షన్‌కి నేనే స్వయంగా కూర్చుని ఒక ఇన్‌స్టాలర్ రాశాను. దానికి ఎంత శాతం ఎక్కిందో చూపించే నీలం గీత పెట్టాను, 'తదుపరి' అనే బటన్ పెట్టాను, లైసెన్సు ఒప్పందం పెట్టాను. అప్పట్నుంచి మా ఆఫీసు ఫోను ఖాళీగా ఉన్న పాపాన పోలేదు.

దీనివల్ల సమాజానికి ఎంత మేలు జరిగిందో చూడండి. నల్లపాడు రైల్వే గేటు పడితే అరనిమిషం ఆగలేక కింద నుంచి బండి దూర్చే మనిషి, నీలం గీత ముందు నలభై నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చుంటున్నాడు! ఇంత ఓర్పు అతనికి ఎవరు నేర్పారు? నేనే.

ఇంకొకటి. ఇన్‌స్టాలర్ ఫెయిలైతే చేసిన మార్పులన్నీ తనే చెరిపేసి, ఏమీ జరగనట్టు మొదటికొచ్చి కూర్చుంటుంది. దీన్ని రోల్‌బ్యాక్ అంటాం. ఈ సౌకర్యం జీవితంలో ఎవరికుంది చెప్పండి? పత్తి వేసినవాడు, పక్క చేలో మిరప విరగకాశాక రోల్‌బ్యాక్ చేసుకోగలడా? పోనీ పెళ్లయినవాడు?

అన్నిటికన్నా గొప్ప సుగుణం, తప్పు ఎవరిదీ కాకపోవడం. ఇన్‌స్టాలర్ ఫెయిలైతే తప్పు యాంటీవైరస్‌ది, కరెంటుది, ఇంటర్నెట్‌ది, ఆ కంప్యూటర్ అమ్మిన షాపువాడిది. మాది తప్ప అందరిదీ. మా దగ్గర ఫోన్లు ఎత్తే కోటేష్‌కి ఈ శాస్త్రం కంఠతా వచ్చు. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా "ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి" అంటాడు. అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంట్లో వాళ్లావిడ శ్రీరమ్య జ్వరమొచ్చిందంటే "ఒకసారి పడుకుని లేచి చూడు" అన్నాడట. ఆవిడ లేచాక ఏం చేసిందో కోటేష్ మాకు చెప్పలేదు.

ఇంత పకడ్బందీగా నడుస్తున్న వ్యవస్థకి ఒక్క చర్చి ఎదురుతిరిగింది. ప్రత్తిపాడు దగ్గర ఒక చిన్న పల్లెలోది. అక్కడ కంప్యూటర్ చూసుకునేది ఇమ్మానియేలు మాస్టారు. స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. సాయంత్రాలు చర్చి వరండాలో పెద్దవాళ్లకి అక్షరాలు నేర్పుతుంటారు.

ఆయన మొదటి ఫోన్ ఇప్పటికీ గుర్తుంది.

"వందనాలండి ప్రసన్నకుమార్ గారూ. మీ కొత్త వెర్షను ఎక్కించబోతే 1603 అని చూపించి ఆగిపోతందండి. పాటల పుస్తకం మొత్తం తిరగేశాను. మన పుస్తకంలో ఆరొందల చిల్లరే ఉన్నాయి గదా. ఈ 1603వ నంబరు పాట ఎక్కడిదండి?"

చర్చిలో బోర్డు మీద అంకె కనబడితే అది పాట నంబరే. ముప్పై ఏళ్లుగా ఆయన చూసిన లోకం అది. అది పాట కాదనీ, లోపం సంఖ్య అనీ చెప్పాను.

"అట్లాగా. దాని అర్థమేందండి?"

1603కి అర్థం ఏమిటంటే, ఏదో జరిగింది అని. అంతే. డాక్టరు చెయ్యి పట్టుకు చూసి "మీకేదో అయిందండీ" అని చెప్పి పంపించేసినట్టు. అయినా ఆ మాట మాస్టారికి చెబుతామా? రీస్టార్ట్ చేయమన్నాను.

చేశారు. రెండోవారం యాంటీవైరస్ ఆపమన్నాం, ఆపారు. మూడోవారం అడ్మినిస్ట్రేటర్‌గా నడపమన్నాం, నడిపారు. నాలుగోవారం కరెంటు హెచ్చుతగ్గుల వల్ల కావచ్చన్నాడు కోటేష్. ఆయన పక్కింటి నుంచి ఇన్వర్టర్ మోయించుకొచ్చి మరీ ప్రయత్నించారు. మేం చెప్పిన ప్రతి మాటా తేదీ వేసి నోటుబుక్కులో రాసుకున్నారు. ఇలాంటి క్రమశిక్షణ గల వినియోగదారుడు ఏ కంపెనీకైనా ప్రమాదమే.

"పాత వెర్షను బాగానే ఉంది కదా మాస్టారూ, ఎందుకంత పట్టుదల?" అని ఐదోవారం విసుక్కున్నాను.

అప్పుడు చెప్పారు. పాత వెర్షన్లో ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. చదవడం అలవాటైనవాళ్లు ఊహించుకుని చదివేస్తారు. కొత్తగా నేర్చుకున్నవాళ్ల వల్ల కాదు. ఆయన దగ్గర అక్షరాలు నేర్చుకున్న కొండమ్మ అనే ఆవిడ ఉంది. వయసు అరవై రెండు. మిరప కోతలకు కూలికెళుతుంది. వాళ్ల చర్చిలో ఒకరు ముందు చరణం చదివి చెబితే, మిగతావాళ్లు అందుకుని పాడతారు. నలభై ఏళ్లుగా ఎవరో చెబితే అందుకుని పాడిన కొండమ్మ, వచ్చే స్త్రీల ఆదివారం నాడు, ఆరాధనంతా ఆడవాళ్లే నడిపే రోజున, తనే తెర మీద చూసి చదివి పాట చెప్పాలి. ఊరంతా ఆ మాటే అనుకుంటున్నారు.

"ఒత్తులు సరిగ్గా పడకపోతే ఆమె ఆగిపోద్దండి. అంతమందిలో ఒకసారి ఆగిపోయిందంటే, ఇంక ఈ జన్మలో పుస్తకం ముట్టదు. నాకు తెలుసు" అన్నారు మాస్టారు.

ఇక తప్పలేదు. శనివారం బండేసుకుని బయల్దేరాను. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ప్రత్తిపాడు చేరేసరికి పదిహేడు తుమ్ములు తుమ్మాను. కస్టమర్ దగ్గరికి వెళ్లకుండా ఫోన్లోనే పని కానివ్వాలని మా పెద్దలు ఎందుకన్నారో అప్పుడు బోధపడింది.

చర్చిలో కంప్యూటర్ ముందు కుర్చీలో ఒకావిడ కూర్చుని ఉంది. కోతల నుంచి సరాసరి వచ్చినట్టుంది, తలకు చుట్టిన గుడ్డ ఇంకా విప్పలేదు. ఆవిడే కొండమ్మ. మాస్టారు ఆవిడ పక్కన నిలబడి ఉన్నారు.

"ఇంజినీరు బాబొచ్చాడు, ఇక నొక్కు" అన్నారాయన.

ఆవిడ నొక్కలేదు. తెర మీద లైసెన్సు ఒప్పందం ఉంది. దాని మీద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది.

పాఠకులారా, గమనించండి. లైసెన్సు ఒప్పందాన్ని చదివే మనిషిని నేను నా సర్వీసులో చూడలేదు! దాన్ని రాయించిన మేమే చదవలేదు. ఎవరో లాయరు ఇచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని కంప్యూటర్ చేతే తెలుగులోకి మార్పించి అతికించాం.

"అమ్మా, అది ఎవరూ చదవరు. 'నేను అంగీకరిస్తున్నాను' అని ఉంది చూడండి, అది నొక్కండి" అన్నాను.

"సదవకుండా ఎట్టా ఒప్పుకునేదయ్యా? ఇన్నాళ్లూ సదువు రాక ఎక్కడ పడితే అక్కడ ఏలిముద్రేశా. ఇప్పుడొచ్చు గదా."

నేను రెండు గ్లాసుల మజ్జిగ తాగాను. ఆవిడ పదకొండో పేరా దగ్గరికొచ్చింది.

"ఈ సాఫ్ట్... వేరు వలన కలుగు... ఏ నష్టమునకును... సంస్థ బాధ్యత వహిం... వహించదు." తలెత్తి నా వంక చూసింది. "నువ్వే గదా బాబూ దీన్ని చేసింది?"

"అవునమ్మా."

"మరి నువ్వు గాకపోతే ఇంకెవురు వహిస్తారు?"

మాస్టారు దగ్గారు. మిరప ఘాటు కాదది.

మొత్తానికి అంగీకరించింది. నీలం గీత కదిలింది. తొంభై తొమ్మిది దాకా వెళ్లింది. ఆగింది. 1603!

ఇలా ఫెయిలైనప్పుడల్లా ఇన్‌స్టాలర్ తను ఎక్కడెక్కడ తిరిగిందీ ఒక ఫైలులో రాసిపెడుతుంది. ఐదు వారాల్లో మొదటిసారి ఆ ఫైలు తెరిచాను. అవును, మొదటిసారే. ఫోన్లో సలహాలు చెప్పడం తేలిక, ఫైలు చదవడం కష్టం. పాటలను తాత్కాలికంగా దించుకోవడానికి ఇన్‌స్టాలర్ ఒక ఫోల్డర్ కోసం వెతికింది. సి డ్రైవు, అందులో యూజర్స్, అందులో వరసగా ఏడు ప్రశ్నార్థకాలు. ఆ పేరుతో ఫోల్డర్ లేదని ఆగిపోయింది.

"మాస్టారూ, ఈ కంప్యూటర్లో యూజర్ పేరు ఏం పెట్టారు?"

మాస్టారి మొహం వెలిగింది. కిందటేడు కంప్యూటర్ వచ్చిన రోజు పెట్టె విప్పి ఆన్ చేయగానే 'మీ పేరేమిటి' అని అడిగిందట. పాస్టరుగారి పేరా, సంఘం పేరా అని పెద్దలు తర్జనభర్జన పడుతున్నారట. అదే వారం కొండమ్మకి తన పేరు రాయడం వచ్చింది. ఆమె చేత కొట్టిద్దామన్నారు మాస్టారు. కీబోర్డు తెలుగులోకి మార్చి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, తన పేరు తనే కొట్టింది. అప్పట్నుంచి కంప్యూటర్ ఆన్ చేయగానే తెర మీద 'కొండమ్మ' అని పడుతుంది. అది చూడ్డానికి ప్రతి ఆదివారం అందరికన్నా ముందొచ్చి కూర్చుంటుందట.

కొండమ్మ. కంప్యూటర్ లెక్కలో అక్షరాలూ గుణింతమూ సున్నా ఒత్తూ కలిపి ఏడు గుర్తులు. నా ఇన్‌స్టాలర్‌కి అవి చదవడం రాలేదు, ఒక్కోదానికి ఒక ప్రశ్నార్థకం వేసుకుంది.

ఇంజినీర్లకు ఇలాంటి సమయంలో ఒక చిట్కా ఉంటుంది. "ఏం లేదమ్మా, ఈ పేరు తీసేసి అడ్మిన్ అని ఇంగ్లీషులో పెట్టుకుంటే రెండు నిమిషాల్లో ఎక్కేస్తుంది" అన్నాను.

"నా పేరుంటే ఎక్కదా?"

"ఎక్కదమ్మా."

"తెలుగు పాటలు చూపించే ప్రోగ్రాముకి తెలుగు పేరు పడదాండి?" అన్నారు మాస్టారు. కోపంగా కాదు, సందేహం తీర్చుకోవడానికి అడిగినట్టే అడిగారు. నోటుబుక్కు తెరిచి పెన్ను కూడా తీశారు.

మా ఆఫీసులో పరీక్షించే కంప్యూటర్లు నాలుగున్నాయి. వాటి పేర్లు టెస్ట్, అడ్మిన్, యూజర్ వన్, ప్రసన్న. ఆ నాలుగోది కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే. అందరం తెలుగువాళ్లమే. మా వినియోగదారులకు తెలుగు పేరుంటుందని, దాన్ని తెలుగులో రాసుకుంటారని ఐదుగురిలో ఒక్కడికీ తోచలేదు.

కొండమ్మ తలగుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకుంది.

"సర్లే, తీసెయ్యి నాయనా. రేపు పాట చెప్పాల గదా."

నిజం చెబుతున్నాను, ఆవిడ నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. సిగ్గేసింది. అక్కడే బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచాను. తప్పు ఒకే ఒక్క వరసలో ఉంది. రాసింది నేనే. సవరించడానికి పదకొండు నిమిషాలు పట్టింది. అందులో ఆరు నిమిషాలు నా ల్యాప్‌టాప్ అప్‌డేట్ అవుతూ కూర్చుంది. యాంటీవైరసూ, కరెంటూ, పక్కింటి ఇన్వర్టరూ అన్నీ నిర్దోషులే.

పేరు తీయకుండానే ఎక్కింది. మర్నాడు నేనూ అక్కడే ఉన్నాను. కొండమ్మ నిలబడి తెర వంక చూసి చరణం చెప్పింది. రెండో చరణంలో ఒక ఒత్తు దగ్గర క్షణం ఆగింది. దాటేసింది. జనం పాట ఎంత గట్టిగా అందుకున్నారంటే, బయట అరుగు మీద పడుకున్న కుక్క లేచి వెళ్లిపోయింది.

అందుకే అంటున్నాను, ఇన్‌స్టాలర్లు ఫెయిలవడం దేశానికి వరం! అన్నీ సజావుగా ఎక్కేస్తే మాలాంటివాళ్లం మంగళగిరి దాటి బయటికి వస్తామా? మేం రాసుకున్న ఒప్పందం మాకెవరైనా చదివి వినిపిస్తారా?

సోమవారం ఆ సవరణని అన్ని చర్చిలకూ పంపించాం. పంపేటప్పుడు 'ఈ వెర్షన్లో కొత్తగా ఏముంది' అని ఒక పెట్టె ఉంటుంది. "ఏం రాయమంటారు సార్?" అని అడిగాడు కోటేష్. నేను రాసి ఇచ్చాను. లోకంలో అందరూ రాసేదే. 'చిన్న చిన్న లోపాలు సవరించాం.' ఎలాగూ ఎవరూ చదవరు కదా.

ఆదివారం పొద్దున మాస్టారి నంబరు నుంచి ఫోను. ఎత్తితే కొండమ్మ గొంతు.

"బాబూ, సిన్న సిన్న లోపాలు సవరించాం అని పడింది. మొత్తం సదివాను. అందులో నా పేరేదయ్యా, సిన్న లోపమంటే నేనేనా?"

ఒకసారి రీస్టార్ట్ చేసి చూడమన్నాను.