చిలుక చూసిన భద్రతా పాఠాలు

ఒక పెద్ద అడవిలో, సెల్‌ఫోన్ సిగ్నల్ బాగా అందే గుట్ట కింద, నక్క పంతులు రసాయన శాస్త్రం బడి నడిపేవాడు. బడి అంటే ఒక రేకుల షెడ్డు, కొన్ని గాజు బీకర్లు, ఒక డబ్బాడు పొడి సున్నం. మిగతాదంతా ఫోన్లోనే. మూలకాలు ఫోన్లో, ఆమ్లాలు ఫోన్లో, పేలుళ్ళు కూడా ఫోన్లోనే. అందువల్ల అంతవరకూ ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఆ ఏడు మృగసభ ఒక ఉత్తర్వు వేసింది. ప్రయోగశాలలో అడుగుపెట్టే ప్రతి జంతువూ ఆన్‌లైన్‌లో భద్రతా పాఠాలు చూసి, పరీక్ష రాసి, సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఎక్కువ మార్కులు వచ్చినవారికి ఇన్‌చార్జి ఉద్యోగం. తనిఖీకి ఏనుగు దొరవారు వస్తారు.

ఉద్యోగం మాట వినగానే ఎలుగుబంటి బొంతయ్య లేచి కూర్చున్నాడు. మోకాళ్ళ నొప్పులతో అతను చెట్లెక్కలేకపోతున్నాడు. తేనెపట్టు కింద నిలబడి గుటకలు మింగడమే మిగిలింది. కూర్చుని చేసుకునే కొలువు ఇది తప్పితే మరొకటి దొరకదని అతని బెంగ.

తీరా పాఠం మొదలుపెడితే నిద్ర ముంచుకొచ్చింది. పడుకుందామంటే కుదరదు. కాసేపటికోసారి తెర గంట కొట్టి "ఉన్నారా?" అని అడుగుతుంది. "ఉన్నాను" అని పలక్కపోతే పాఠం మళ్ళీ మొదటికొస్తుంది.

బొంతయ్య ఒక దోరజామకాయ పట్టుకుని పలుకులమ్మ అనే చిలుక దగ్గరికి వెళ్ళాడు. "నీ బదులు నేనుంటాలే అన్నయ్యా, నువ్వు పడుకో" అందామె.

సంగతి పొక్కింది. కోతి వచ్చింది, కుందేలు వచ్చింది. ఆఖరికి నక్క పంతులు కూడా, తనకు ఊరికే తీరిక లేక అంటూ, ఫోను కొమ్మకు తగిలించి వెళ్ళాడు. చెట్టంతా "ఉన్నారా", "ఉన్నాను". చిలుక అందరి పరీక్షలూ రాసింది. మొదట రాసింది బొంతయ్యది గనక శ్రద్ధగా రాసింది, తర్వాతివాటికి విసుగొచ్చింది. అలా బొంతయ్య ఫస్టు వచ్చాడు.

తనిఖీ రోజున ఏనుగు దొరవారు సర్టిఫికెట్లు చూసి సంతోషించి, ఏదైనా చిన్న ప్రయోగం చేసి చూపించమన్నారు. సున్నం తడపడమంత చిన్నది ఇంకేముందని పంతులు బొంతయ్యను ముందుకు తోశాడు. ప్రయోగాలప్పుడు పెట్టుకోవాల్సిన కళ్ళద్దాలు మేకుకు వేలాడుతున్నాయి, వాటి సంచి ఇంకా విప్పలేదు.

బొంతయ్య డబ్బా సున్నమంతా బీకర్లో గుమ్మరించి, దాని మీద కొంచెం నీళ్ళు పోసి, ఏమవుతుందోనని మూతి దగ్గరగా పెట్టి వంగి చూశాడు. అది సుయ్యిమని ఉడికి మొహాన చిమ్మింది.

"కళ్ళు పోతున్నాయి పంతులూ, ఏదైనా చెయ్యి" అని బొంతయ్య గోలపెట్టాడు.

"కంగారుపడకు. నీకు సర్టిఫికెట్ ఉంది" అన్నాడు నక్క.

కోతి పరుగున వెళ్ళి చిలుకను పిలుచుకొచ్చింది. కంట్లో సున్నం పడితే ఏం చెయ్యాలో చెప్పమంటే పలుకులమ్మ గొంతు సవరించుకుని, "విద్యార్థులకు స్వాగతం. పాఠం నచ్చితే పదిమందికీ పంపండి" అని మొదలుపెట్టింది. పాఠంలో కళ్ళ సంగతికి రమ్మని కుందేలు బతిమాలింది. తనకు మధ్యలోంచి రాదనీ, అడ్డం తగిలితే మళ్ళీ మొదటికి పోవాలనీ చిలుక చెప్పింది.

ఇక అందరూ చేతులు కట్టుకుని విన్నారు. ప్రయోగశాలలో ఏమీ తినకూడదు. పొడుగు జుట్టు ముడివేసుకోవాలి. అంతలో చిలుక ఆగి "ఉన్నారా?" అంది. "ఉన్నాం" అన్నారు అందరూ.

"నేను పోయేలా ఉన్నాను, తొందరగా కానీ తల్లీ" అన్నాడు బొంతయ్య.

ఏనుగు దొరవారు అధికారి గనక ఏ పాఠమూ వినలేదు. ఏం చెయ్యాలో తెలియక, తెలిసిన పని చేశారు. షెడ్డు పక్కనున్న నీళ్ళతొట్టిలో తొండం ముంచి, బొంతయ్య కళ్ళు తెరిపించి, తొట్టి ఖాళీ అయ్యేదాకా ధారగా నీళ్ళు కొట్టారు.

అప్పటికి చిలుక పాఠంలో కళ్ళ దాకా వచ్చింది. "కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్ళతో కడగాలి." దొరవారు పాఠం ప్రకారమే చేశారని అందరూ చప్పట్లు కొట్టారు.

బొంతయ్యకు చూపు దక్కింది, ఉద్యోగం దక్కలేదు. ఈ బడిలో పాఠాలు చూసినవారు ఒక్కరేనంటూ దొరవారు పలుకులమ్మను ఇన్‌చార్జిగా వేశారు. మిగతా వాళ్ళంతా మళ్ళీ మొదటినుంచి చూడాలన్నారు. ఇప్పుడు బొంతయ్య ఎర్రబడ్డ కళ్ళతో తెర ముందు కూర్చుని తన "ఉన్నాను" తనే పలుకుతున్నాడు.

కాబట్టి ప్రయోగశాలకు వెళ్ళేటప్పుడు సర్టిఫికెట్ మరిచిపోయినా ఫరవాలేదు గాని, పాఠం వినని ఏనుగునొకదాన్ని వెంట తీసుకెళ్ళడం మరవకూడదు.