మెయింటెనర్ ప్రేమ్‌సాగర్ గారు

జహీరాబాద్‌ను ఏడాది తిరిగేలోగా ప్రపంచ వైద్య సాఫ్ట్‌వేర్ ప్యాకింగ్ రాజధానిగా మార్చి తీరుతామని డిజిటల్ అభ్యున్నతి మండలి చైర్మన్ ప్రేమ్‌సాగర్ గారు ఫంక్షన్ హాల్లో ప్రకటించారు. మూడో వరసలో కూర్చున్న స్వప్న అందరితోపాటు చప్పట్లు కొట్టింది. అది ప్యాకింగ్ కాదు, ప్యాకేజింగ్ అని ఆమెకు తెలుసు. కానీ స్టేజీ మీద అప్పటికే వెయ్యి అట్టపెట్టెలు, వాటి పక్కన టేపు చుట్టలు పేర్చి ఉన్నాయి. అంత ముందుచూపున్న మనిషిని ఒక్క ముక్క కోసం సరిదిద్దడం మర్యాద కాదనిపించింది.

అల్లం మండీలో గోనెలు నింపే మహాదేవమ్మ లేచి నిలబడింది. "ఒక్క డబ్బాల ఎన్ని కిలోలు పడ్తది సార్, గీ సాఫ్ట్‌వేరు?"

ప్రేమ్‌సాగర్ గారు తడుముకోలేదు. "పట్టినంత పడ్తదమ్మా. మేం లిమిట్ పెట్టలే!"

హాలు దద్దరిల్లింది.

స్వప్నది న్యాల్‌కల్. జహీరాబాద్ పట్టణంలో ఓ చిన్న సర్కారు దవాఖానలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఎక్స్‌రే మిషను బాగానే ఉంది. బొమ్మలు చూపించే కంప్యూటరే చచ్చిపోయి ఏడాదిన్నర. మిషను పక్కనున్న బెత్తెడు తెర మీద బొమ్మ కనబడితే, దాన్ని ఫోనుతో ఫొటో తీసి సంగారెడ్డిలోని డాక్టరుకు వాట్సాప్‌లో పంపుతుంది. పోయిన నెల ఈరయ్య అనే రైతు ఎద్దు కుమ్మిందని వచ్చాడు. ఫొటోలో ట్యూబ్‌లైటు మెరుపు సరిగ్గా పక్కటెముకల మీద పడింది. డాక్టరు "నార్మల్" అని జవాబిచ్చాడు. ఈరయ్య ఆ నార్మల్ ఎముకలతోనే పది రోజులు కంది కోసి, నొప్పికి తాళలేక మళ్లీ వచ్చాడు. ఆ రోజు నుంచి స్వప్నకు ఆ మాట వింటే ముద్ద దిగడం లేదు. మండలి పెట్టిన ప్యాకేజింగ్ శిక్షణకు పేరిచ్చింది అందుకే.

నేర్పేది పాలిటెక్నిక్ లెక్చరర్ యాకోబు. మొదటి రోజే ఆయన విషయం తేల్చేశాడు.

"ఎక్స్‌రేలు చూసే సాఫ్ట్‌వేరు ఎవరో పుణ్యాత్ములు రాసి ఊరకనే ఇచ్చిన్రు. కాని అది పొయ్యి కాడి సామాను తీర్గ చెల్లాచెదురుగ ఉంటది. దాన్ని లినక్స్ కంప్యూటర్ల ఒక్క కమాండుతోని ఎక్కేటట్టు సర్దాలె. ఏమేం తోడు కావాలెనో చీటి రాసి పెట్టాలె. ఊరికి పోయేటోనికి సద్ది కట్టినట్టు."

డబ్బాలు లేవని తెలిసి సగంమంది అప్పుడే లేచిపోయారు. మిగిలినవాళ్లలో సగం ఎర్రక్షరాల తప్పులు చూసి వారంలో పోయారు. స్వప్న ఉండిపోయింది. ఆమె కట్టిన సద్ది పదకొండు రోజులు విడిపోతూనే ఉంది. ఒకరోజు తోడు కావాల్సిన ఏదో లైబ్రరీ ఫైలు దొరకలేదు, ఇంకోరోజు లైసెన్సు కాగితం లేదు. పన్నెండో రోజు ఎర్రక్షరాలు రాలేదు. స్వప్న కంగారుపడి, "సార్, ఏమో ఖరాబైంది, తప్పు చూపిస్తలేదు" అంది.

యాకోబు తొంగిచూసి నవ్వాడు. "అయిపోయింది స్వప్నా. ఇగ లినక్సోళ్లకు పంపు. వాళ్లు ఒప్పుకుంటె దునియంత వాడుకుంటది."

పంపేముందు చైర్మన్ గారి పీఏ రాజేశ్వర్ వచ్చాడు. ప్యాకేజీ గురించి నాలుగు మాటలు రాసే చోటొకటి ఉందని విని, ఆయనే దగ్గరుండి రాయించాడు: "ప్రజాబంధు ప్రేమ్‌సాగర్ గారి దార్శనికతకు నిలువెత్తు నిదర్శనం." పంపిన మూడో రోజు లిస్బన్ నుంచి, వచ్చిన ప్యాకేజీలను పరిశీలించే ఓ ముసలాయన జవాబు రాశాడు. పని బాగుంది, కానీ ఈ సాఫ్ట్‌వేరు ఏం చేస్తుందో మాత్రం రాయలేదు, రాయండి అని.

"ఎవడాడు?" అన్నాడు రాజేశ్వర్. "ఏ పార్టీ?"

"పార్టీ లేదు సార్. వాలంటీరు."

"గిసొంటోళ్లే డేంజరు."

చివరికి వివరణ మారింది. దానికి బదులుగా ప్రేమ్‌సాగర్ గారు ఇంకో గడి మీద కన్నేశారు.

"మెయింటెనర్ అని ఉన్నదేంది బిడ్డా? నీ పేరున్నదాన్ల?"

"దీని బాధ్యత ఎవరిదో వాళ్ల పేరు, ఈమెయిలు సార్."

"బాధ్యతనా? ఊరి బాధ్యతంత నా నెత్తిమీదుంటె గిదొక్కటి నీకెందుకమ్మా? నా పేరు రాయి."

"ఫిర్యాదులన్నీ గా ఈమెయిలుకే వస్తయి సార్" అన్నాడు యాకోబు మెల్లగా.

"ఫిర్యాదులు అనొద్దు, అర్జీలు అను. అర్జీలు నాకు గాకుంటె ఇంకెవలికి పోతయి?"

స్వప్న వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. అది ఆమె పదకొండు రోజుల చాకిరీ. రాజేశ్వర్ ఆమె చెవి దగ్గర వంగి, "పేరు పడితెనే మీ దవాఖానకు కంప్యూటర్. జర సోంచాయించు" అన్నాడు. ఈరయ్య గుర్తొచ్చాడు. తన పేరు చెరిపి ఆయన పేరు రాసింది.

ప్యాకేజీకి అంగీకారం దొరికింది. దవాఖానలో కొత్త కంప్యూటర్ దిగింది, రిబ్బను కట్టారు. స్వప్న ఒక్క కమాండు కొట్టగానే సాఫ్ట్‌వేరు ఎక్కింది. మళ్లీ తీసిన ఈరయ్య ఎక్స్‌రే తెరనిండా తెరుచుకుంది. సంగారెడ్డి డాక్టరు తన కంప్యూటర్లో అదే బొమ్మ చూసి ఫోను చేశాడు. "రెండు చోట్ల విరిగింది. ఇన్ని రోజులేం చేసిన్రు?"

"నేనదే చెప్తి గద బిడ్డా" అన్నాడు ఈరయ్య. స్వప్న మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

ప్రేమ్‌సాగర్ గారు ఈరయ్యను ఆప్యాయంగా పొదివి పట్టుకుని ఫొటో దిగారు. పట్టుకున్నది విరిగిన వైపే. మర్నాడు పేపర్లో "ఆనందబాష్పాలు రాల్చిన అన్నదాత" అని వచ్చింది.

అదే ఉదయం స్వప్న డ్యూటీకి వచ్చేసరికి బల్ల మీద కంప్యూటర్ లేదు. రాజేశ్వర్‌కు ఫోను చేసింది.

"ఝరాసంగంల ఓపెనింగ్ ఉండె, తీస్కపోయినం. ఎల్లుండి మొగుడంపల్లి."

"మళ్ల ఎప్పుడొస్తది సార్?"

"అది టూర్ల ఉన్నదమ్మా. డిస్టర్బ్ చెయ్యొద్దు."

స్వప్న మళ్లీ ఫోనుతో ఫొటోలు తీయడం మొదలుపెట్టింది. నెల రోజులు చూసింది. తర్వాత ఓ సాయంత్రం షేర్ ఆటోలో కూర్చుని, ఆ ప్యాకేజీ మీదే ఇంగ్లిషులో ఒక ఫిర్యాదు రాసింది. తీవ్రత అన్న గడిలో "అతి తీవ్రం" అని ఎంచుకుంది. ఊరి పేరు రాయలేదు. కింద "ఎక్స్‌రే టెక్నీషియన్" అని మాత్రం పెట్టింది. ఫిర్యాదు నియమం ప్రకారం మెయింటెనర్‌కు చేరింది.

పది రోజులకు ప్రేమ్‌సాగర్ గారు ప్రెస్‌మీట్ పెట్టారు. పన్నెండు దేశాల డాక్టర్లు తనకు అర్జీలు పెట్టుకుంటున్నారని ప్రకటించారు. అన్నీ ఇంగ్లిషులో ఉండటంతో తెలుగులో చెప్పడానికి స్వప్నను పిలిపించారు. పెరూ డాక్టరు బొమ్మ తిరగబడుతోందన్నాడు. కెన్యా డాక్టరు అక్షరాలు చిన్నగా ఉన్నాయన్నాడు. చైర్మన్ గారు ఒక్కొక్కదానికి తల పంకించి, "పరిశీలిస్తం" అన్నారు.

మూడో కాగితం స్వప్న చేతికొచ్చింది. అది తనదే. ఆమె మైకు దగ్గరికి జరిగింది. చదివింది.

"అయ్యా, మా దవాఖానలో మీ సాఫ్ట్‌వేరు బాగా పనిచేసింది. ఒక్క రోజు. మరుసటి రోజు మా నాయకుడు కంప్యూటర్‌ను ఇంకో చోట ప్రారంభించడానికి ఎత్తుకుపోయాడు. ఇప్పటికి నాలుగు చోట్ల ప్రారంభించాడు. ఇక్కడ విరిగిన ఎముకలు మళ్లీ నార్మల్ అయిపోతున్నాయి."

రాజేశ్వర్ కాగితం వైపు చూశాడు, స్వప్న వైపు చూశాడు, తర్వాత ఫ్యాను వైపు చూశాడు.

ప్రేమ్‌సాగర్ గారి కళ్లు చెమర్చాయి. కండువాతో ఒత్తుకున్నారు.

"ఏ దేశమో గాని పాపం! గసొంటి లీడర్లను ఆ జనం ఎట్ల భరిస్తున్నరో! మన తాన గిట్లయితదా? ప్రెస్సోళ్లు రాసుకోండ్రి. గా దవాఖానకు మన జహీరాబాద్ తరఫున, నా చేతుల మీదుగ కొత్త కంప్యూటర్ పంపిస్తున్న! రాజేశ్వర్, అడ్రస్ తీస్కో."

చప్పట్లు మోగాయి. ఆ చప్పుడులోనే రాజేశ్వర్ పెన్ను ఇచ్చాడు. స్వప్న కాగితం వెనక అడ్రసు రాసింది. అతను చదివి, నాలుగు మడతలు పెట్టాడు.

"పిన్‌కోడ్ గూడ రాసినవా?"

"రాసిన సార్."

సోమవారం పొద్దున బస్టాండు ముందర ప్రేమ్‌సాగర్ గారు జెండా ఊపారు. బ్యాండు మోగింది. "విదేశాలకు జహీరాబాద్ చేయూత" అన్న బ్యానరుతో లారీ కదిలి, హైవే ఎక్కకుండా ఎడమకు తిరిగి, ఆరు నిమిషాల్లో దవాఖాన వెనక గేటు దగ్గర ఆగింది.