పుంగనూరు ధర్నా, కుప్పం మేళం

ఆ రోజు పొద్దున మునిరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. కుప్పం పోవాలి, కూతురికి చెవులు కుట్టిస్తుంటే పక్కన నిలబడాలి, పొద్దుగూకేలోపు మదనపల్లె చేరుకోవాలి. భార్య మాలతి బిడ్డతో కుప్పంలో పుట్టింట్లో ఉంటోంది. మునిరాజు పెట్టుకున్న కుప్పం బదిలీ అర్జీ ఆ వారమే సంతకానికి రానుంది. అది పడితే బిడ్డను రోజూ ఎత్తుకోవచ్చు. పాపం, అంతకు మించి ఆశ లేని మనిషి.

మునిరాజు నిఘా విభాగంలో కానిస్టేబుల్. మఫ్టీలో తిరుగుతాడు కాబట్టి పోలీసని మదనపల్లెలో అందరికీ తెలుసు. పేపరు విలేకరి మురళీధర్‌తో కలిసి టీ తాగనిదే అతనికి తెల్లవారదు. మురళీధర్ వార్తలో ‘విశ్వసనీయ వర్గాలు’ అని ఉంటే ఆ వర్గాలు మునిరాజు. మునిరాజు రిపోర్టులో ‘స్థానికంగా విచారించగా’ అని ఉంటే ఆ స్థానికుడు మురళీధర్. ప్రభుత్వానికీ పత్రికకూ ఉండాల్సిన దూరం వాళ్ళిద్దరి మధ్య ఒక టీ గ్లాసంత ఉండేది.

"మురళన్నా, పుంగనూరు సంతలో గొర్రెలోళ్ళ ధర్నాకు నువ్వెట్లాగూ పోతాండావు గదా. నాకో రెండు ముక్కలు, ఒక ఫొటో పంపిస్తే సాలు. మా మేడమ్ సెలవియ్యలేదు," అన్నాడు మునిరాజు.

"పోయి రాప్పా. బిడ్డకు సెవులు కుట్టేటప్పుడు నాయన లేకుంటే ఎట్లా? నేనుండా గదా!"

మురళీధర్ మాట తప్పే మనిషి కాడు. బయల్దేరాడు కూడా. ఊరు దాటగానే వాన దంచికొట్టింది, దాని వెంటే బండి పంక్చరయింది. తోసుకుంటూ ఇల్లు చేరి, తల తుడుచుకుని ఆలోచించాడు. సంతలో గొర్రెలకు నీళ్ళ తొట్టి కట్టించాలని కాపరుల నాయకురాలు రామసముద్రం సిద్దమ్మ ఆధ్వర్యంలో ధర్నా. నినాదాలు చేస్తారు, వినతిపత్రం ఇస్తారు, ఉద్యమం ఉధృతం చేస్తామంటారు. ఇన్నేళ్ళలో తను చూసిన ధర్నాలన్నీ అంతే. ఇల్లు కదలకుండా వార్త రాసి, పాత ఫొటో ఒకటి తగిలించి, పేపరుకూ మునిరాజుకూ పంపేశాడు. వెళ్ళలేదని చెప్పడానికి మాత్రం మొహం చెల్లలేదు.

కుప్పంలో పాపకు చెవులు కుట్టించే గుడి ముందు నిలబడే మునిరాజు దాన్ని తన రిపోర్టుగా పైకి పంపాడు. వెంటనే ఇన్‌స్పెక్టర్ సరళ మేడమ్ ఫోన్ చేసింది.

"మునిరాజూ, స్పాట్‌లోనే ఉన్నావా?"

"ఈడనే ఉండాను మేడమ్."

సరిగ్గా అప్పుడే సన్నాయి, డోలు అందుకున్నాయి.

"ఏమిటా మేళం?"

"అది... ధర్నాకు తెచ్చినారు మేడమ్."

"గొర్రెల కాపరులు సన్నాయి మేళం పెట్టించుకున్నారా? అయితే దీని వెనక ఎవరో పెద్దవాళ్ళున్నారు!"

చెవులు కుట్టే ఆచారి పాపకు సూది గుచ్చాడు. పాప గుక్కపట్టి ఏడ్చింది.

"పసిపిల్లలు కూడా ఉన్నారా?"

"ఒక పాప ఉండాది మేడమ్," అన్నాడు. ఆ ఫోన్లో అతని నోట వచ్చిన మొదటి నిజం అదే.

"పసిబిడ్డను ముందు కూర్చోబెట్టి ధర్నానా!" అంటూ మేడమ్ ఫోన్ పెట్టేసింది.

మునిరాజు వెంటనే మురళీధర్‌కు ఫోన్ చేశాడు. "అన్నా, నీ వార్తలో మేళం ఉందని కూడా రాయి. పసిబిడ్డ ఏడ్చిందని కూడా."

నువ్వు కుప్పంలో ఉంటే ఇవన్నీ నీకెలా తెలుసని మురళీధర్ అడగలేదు. అడిగితే, నువ్వు పుంగనూరులో ఉండి ఎందుకు చూడలేదని ఎదురు ప్రశ్న వస్తుంది. నోరు మూసుకుని రెండూ చేర్చాడు. పేపరు వెబ్‌సైట్లో వార్త పడింది. మేడమ్ దాన్ని చదివి, మునిరాజు రిపోర్టుతోనూ, ఫోన్లో చెప్పినదానితోనూ పోల్చి చూసుకుంది. అన్నీ అక్షరం పొల్లుపోకుండా కలిశాయి. ఇక అనుమానం ఏముంది? జీపులు పుంగనూరు దారి పట్టాయి.

మనసు పీకుతుంటే మురళీధర్ సిద్దమ్మకు ఫోన్ చేశాడు.

"ధర్నానా? యాడ ధర్నా అప్పా! వాన పడింది గదా, అందరం సెనక్కాయలు యేస్తాండాం. ధర్నా ఎప్పుడైనా సేసుకోవచ్చు. నేల పదును పోతే మళ్ళా వస్తాదా?" అందామె.

మురళీధర్ ఆ మాటతోపాటు తన పంక్చరు సంగతీ మునిరాజుకు చెప్పేశాడు.

"అన్నా, మేడమ్ జీపెక్కి పుంగనూరుకు పోయింది!" అన్నాడు మునిరాజు.

ఎర్రబడ్డ చెవులతో మాలతి భుజం మీద నిద్రపోతున్న పాపను చూస్తే మునిరాజుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బదిలీ పోయినట్టే, ఉద్యోగమూ నిలవదేమో. ఎలాగూ మునిగేది నిజం చెప్పే మునుగుదామని మేడమ్‌కు ఫోన్ చేశాడు.

"తప్పయిపోయింది మేడమ్. నేను కుప్పంలో ఉండాను. పుంగనూరులో ధర్నా జరగనే లేదు."

అవతల మేడమ్ గొంతు తగ్గించింది.

"ఇప్పుడా చెప్పేది? నేను వచ్చేసరికి గ్రౌండ్ ఖాళీ. నన్ను చూసి శాంతంగా వెళ్ళిపోయారని పైకి రాసేశాను. తహసీల్దార్ తొట్టికి ఆర్డరిచ్చేశాడు. పైవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. ఈ మాట నాతో అన్నావు సరే, ఇంకెవరితోనూ అనకు."

మునిరాజుకు ప్రాణం లేచొచ్చింది. "అయితే నా బదిలీ మేడమ్?"

"ఎక్కడి బదిలీ? ఇంత ముందుగా సమాచారం ఇచ్చే మనిషిని గొడవలే లేని కుప్పానికి పంపొద్దని పైనుంచే ఆపేశారు."

మునిరాజు గుడి మెట్ల మీద కూలబడ్డాడు. మాలతి పక్కన కూర్చుని అంతా విన్నది. కోప్పడలేదు. పాపను అతని ఒళ్ళో పడుకోబెట్టింది.

"గొడవలుండే సోటికే మిమ్మల్ని ఏస్తారా?"

"అంతే మాలతీ."

"మరి ఈడ గొడవల్లేవని వాళ్ళకు ఎవరు సెప్పినారంట?"

మరుసటి వారం, కుప్పంలో పాడిరైతులు తీవ్ర ఆందోళనకు దిగబోతున్నట్టు మదనపల్లె నుంచి రిపోర్టు వెళ్ళింది. ఆ సంగతి పాడిరైతులకు మురళీధర్ పేపర్లో చూశాకే తెలిసింది.