ఆరని వేళ్ళు

భీమవరంలోని నఖశ్రీ నెయిల్ స్టూడియోలో గోళ్ళకు రంగు వేయించుకున్నవాళ్ళు, అది ఆరేదాకా వేళ్ళు అక్కడే వదిలి ఇంటికి వెళ్ళాలి. ఇందులో నొప్పేమీ ఉండదు. బొటనవేలిని ఎడమవైపు నాలుగు చుట్లు తిప్పితే ఊడి వస్తుంది, మిగతావీ అంతే. పూర్వం కస్టమర్లకు జాగ్రత్తల కాగితం మాత్రమే ఇచ్చేవారు. తడి తగలకూడదు, పిండి కలపకూడదు, గోకకూడదు, దేన్నీ గట్టిగా పట్టుకోకూడదు అని అందులో ఉండేది. ఇన్ని చేయకూడని వేళ్ళు ఇంట్లో ఉండి మాత్రం చేసేదేముందని ఆలోచించి, యాజమాన్యం వాటిని తన దగ్గరే ఉంచుకోవడం మొదలుపెట్టింది.

ఊరు త్వరగానే సర్దుకుంది. బ్యాంకులో మోచేతి ముద్ర చెల్లుతోంది. బడిలో టీచర్లు సుద్దముక్కను పళ్ళతో పట్టుకుని రాస్తున్నారు. టిఫిన్ సెంటర్లలో ఇడ్లీ నోట్లో పెట్టడానికి ఒక మనిషిని వేశారు. అందం అంటే ఆ మాత్రం ఉంటుంది కదా అనుకున్నారు అందరూ.

వీరవేణి టైలరు షాపులో పట్టు జాకెట్లకు చేత్తో కాజాలు కుట్టి, హుక్కులు వేస్తుంది. ఇరవై రెండేళ్ళుగా అదే పని. తోటికోడలి కూతురి ఓణీల ఫంక్షన్‌కని అందరితోపాటు ఆవిడా స్టూడియోకి వెళ్ళి, పది వేళ్ళూ అప్పగించి రసీదు తెచ్చుకుంది. రెండు రోజులన్నారు. ఆరు వారాలైంది. ఫంక్షన్‌లో అక్షింతలు అరచేత్తోనే చల్లింది. ఇప్పుడు సోమవారానికి వేళ్ళు రాకపోతే కాజాల మిషను తెచ్చుకుంటానని షాపు మాస్టరు చెప్పేశాడు. మిషను వస్తే ఆవిడ కుర్చీ పోయినట్టే.

వారం వారం వెళ్ళి అడుగుతూనే ఉంది. కౌంటర్లో ప్రవల్లిక అనే అమ్మాయి ఎప్పుడూ నవ్వుతూనే సమాధానం చెబుతుంది.

"ఇంకా ఆరలేదండి."

"ఎలా తెలిసింది?"

"ముట్టుకుని చూడాలండి. ముట్టుకుంటే పాడైపోద్ది కదండి, అందుకని ఎవరం ముట్టుకోలేదండి."

"పోనీ నన్ను ముట్టుకోనివ్వు."

"తప్పకుండా అండి. కస్టమరు సొంత వేలితో ముట్టుకోవచ్చని రూల్లో ఉందండి."

తీగకు క్లిప్పులతో వేలాడదీసిన తన వేళ్ళను వీరవేణి దూరం నుంచే చూసింది. రెండు వేళ్ళకు గోరు కింద పచ్చగా ఉందని చూపించింది. ఇంట్లో కూర్చుంటే, లేని వేళ్ళు భగభగ మండుతున్నాయని కూడా చెప్పింది.

"పచ్చబడిందంటే రంగు పట్టిందన్నమాటండి. పైన ఇంకో పూత వేసేస్తాం. మంటంటే రంగులో మందు పనిచేస్తన్నట్టండి."

వీరవేణికి ఒళ్ళు మండిపోయింది, ఇది మాత్రం మందు వల్ల కాదు. ఫిర్యాదు రాస్తానంది. ఫారం ఇచ్చారు, కింద వేలిముద్ర వేయమన్నారు.

శుక్రవారం పొద్దున్నే మళ్ళీ వెళ్ళింది. ప్రవల్లిక కంగారుపడింది.

"ఇవాళ శుక్రవారం అండి. మంగళవారం, శుక్రవారం గోళ్ళు తీయకూడదు కదండి."

"తీయకూడదంటే కత్తిరించకూడదని. తీగ మీంచి తీయకూడదని కాదు. ఆ మాత్రం తెలుగు రాదా నీకు?"

"మా ట్రైనింగులో తీయకూడదనే చెప్పారండి."

వీరవేణి కౌంటరు దాటి లోపలికి వెళ్ళింది. తన పేరున్న క్లిప్పును పళ్ళతో పట్టి లాగింది. కుడి బొటనవేలు నోట్లోకి వచ్చింది. దాన్ని దాని చోట పెట్టి, పళ్ళతోనే కుడివైపు నాలుగు చుట్లు తిప్పింది. మొదటిది వచ్చాక మిగతా తొమ్మిదింటికీ ఇబ్బంది లేకపోయింది. గోటి మీద నొక్కి చూసింది. రంగు గట్టిగా, పెళుసుగా ఉంది. ఆరి కనీసం ఐదు వారాలై ఉంటుంది.

"ఆరిపోయాయే! ఎప్పుడో ఆరిపోయాయి! రండి, ఎవరివి వాళ్ళు తీసుకోండి!" అని వెయిటింగులో ఉన్న ఆడవాళ్ళ వైపు తిరిగి అరిచింది.

ఎవరూ లేవలేదు. "శుక్రవారం కదక్కా," అంది ఒకామె మెల్లగా.

"ఆరకుండా తీసుకెళ్తే మా బాధ్యత కాదండి. మీరు సరిగ్గా జాగ్రత్త తీసుకోలేదని రాసుకుంటాం," అంది ప్రవల్లిక.

"నా దగ్గర లేని వేళ్ళకి నేనేం జాగ్రత్త తీసుకుంటానే? నా దగ్గరున్నన్నాళ్ళూ శుభ్రంగానే ఉన్నాయి. మీ జాగ్రత్తలోకి వచ్చాకే కుళ్ళాయి."

సాయంత్రానికి స్టూడియో గుమ్మం దగ్గర 'సలహాలు పాటించని కస్టమర్లు' అని బోర్డు పెట్టారు. అందులో ఒకటే పేరు. వీరవేణి వెళ్ళి, తన పేరు కింద తన చేత్తో సంతకం చేసి వచ్చింది. అక్షరాలు వంకరగా వచ్చాయి కానీ పూర్తి పేరు రాసింది.

సోమవారం షాపుకెళ్ళింది. రెండు గోళ్ళు ఊడిపోయాయి, సూది పట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి. అయినా మధ్యాహ్నానికి ఆరు కాజాలు కుట్టింది. అప్పటికి షాపు ముందు ఆడవాళ్ళు వరస కట్టారు. ఊళ్ళో ఆడవాళ్ళందరిలో హుక్కులు పెట్టగల వేళ్ళు ఇప్పుడు ఈవిడకే ఉన్నాయి మరి. పక్కవీధి నాగమల్లేశ్వరి వీపు తిప్పి నిలబడి, జాకెట్ హుక్కులు పెట్టించుకుంటూ జాలిపడింది.

"తొందరపడ్డావక్కా. ఆరనిచ్చి ఉండాల్సింది."

"నీ హుక్కులు పెడతన్నవి ఆ ఆరని వేళ్ళేనే. కదలకు," అంది వీరవేణి.

ఆమె కదలకుండా నిలబడింది. చివరి హుక్కు పడ్డాక పక్కకు తప్పుకుంది. తర్వాతావిడ ముందుకొచ్చి వీపు తిప్పింది.