తెల్లమట్టి పూసిన బొమ్మల గుహ

ఒక పెద్ద అడవిలో బొమ్మల గుహ ఒకటి ఉంది. అందరికీ దగ్గరే. ఎంత దగ్గరంటే, నిద్రలేచి ఒళ్ళు విరుచుకుంటే తోక వెళ్ళి దానికి తగిలేంత దగ్గర. అయినా అడవిలో ఒక్కరూ లోపలికి తొంగి చూళ్ళేదు.

గోడల మీద ఎప్పటివో ఎర్రరంగు బొమ్మలు. వాటిలో ఒక లేడి చందమామ మీదికి దూకుతుంటుంది. అబ్బ, ఆ దూకుడు! చూస్తే మన గుండె కూడా నాలుగు కాళ్ళ మీద లేచి పరిగెడుతుంది.

గుహకి కాపలా ముళ్లపంది సాంబయ్య. పుట్టిందీ అందులోనే, ముసలాడయిందీ అందులోనే.

"ఒక్కసారి వచ్చి చూసిపోవే తల్లీ," అని నెమలిని బతిమాలేవాడు.

"ఇక్కడే ఉందిగా బాబాయ్, ఎప్పుడైనా చూడొచ్చు," అనేది నెమలి. అదే నెమలి మూడు కొండలు దాటి పక్క అడవి గుహ చూసొచ్చి, నెల్లాళ్ళు అవే కబుర్లు చెప్పింది.

ఇలా ఉండగా అడవి సభ ఒక తీర్మానం చేసింది. పున్నమిలోగా వందమంది స్థానికులు చూడకపోతే గుహని ఎలుగుబంటికి తేనె గోడౌనుగా ఇచ్చెయ్యాలట! ఎలుగుబంటి అప్పుడే కుండలు తెచ్చి గుమ్మం ముందు పేర్చేసింది.

సాంబయ్య సంస్కృతి శాఖ అధికారి నక్క దగ్గరికి పరిగెత్తాడు. "అయ్యా, కుండల వెనక నా లేడికి ఊపిరాడదయ్యా!"

"కంగారెందుకోయ్! 'మన అడవి, మన గుహ' వారోత్సవం పెట్టేద్దాం. నువ్వు బొరియ బొరియకీ వెళ్ళి పిలువు. ఏర్పాట్లు నాకొదిలెయ్," అంది నక్క.

నాలుగు రోజులు తిరిగి, గొంతు బొంగురు పోయి సాంబయ్య వచ్చేసరికి గుమ్మానికి మామిడాకుల తోరణాలు. లోపల గోడలన్నీ తళతళా తెల్లగా! పెద్దలొస్తుంటే గోడలకి వెల్ల వెయ్యడం ఆఫీసు ఆనవాయితీ కదా. సున్నం దొరక్క కోతులు తెల్లమట్టి పూశాయి. అదీ మూడు పూతలు.

సభాధ్యక్షుడు ఏనుగు గారు తొండంతో తీగ తెంపి లోపలికొచ్చారు. "ఆహా! మన పూర్వీకులు ఎంత శుభ్రంగా ఉండేవారో చూడండి!"

అందరూ చప్పట్లు.

"నిజమే. పక్క అడవి గుహలో గోడల నిండా మరకలే," అంది నెమలి.

"బొమ్మలేవయ్యా?" అని గోలపెట్టాడు సాంబయ్య.

"ఏ బొమ్మలు?" అంది నక్క. పాపం, తనూ ఎప్పుడూ చూసుంటేగా!

సాంబయ్య ఏడుస్తూ గోడ తడిమాడు. "ఇదిగో, ఇక్కడే నా లేడి. ముందుకాళ్ళు మబ్బుల్లో. వెనక్కాళ్ళలో ఒకటి లేదు. గీస్తున్నాయన్ని వాళ్ళావిడ భోజనానికి పిలిచుంటుంది. మళ్ళీ రాలేదు."

అడవంతా గోడ దగ్గరికి జరిగింది.

"అయితే... చందమామని అందుకుందా?" ముక్కు ఎగబీలుస్తూ అడిగింది ఎలుగుబంటి.

"జానెడు దూరం."

"అయ్యయ్యో!" అన్నారంతా.

ఇంక చూస్కోండి! మర్నాటి నుంచి సాంబయ్య చెప్పే బొమ్మల కథ వినడానికి గుహ ముందు బారులు తీరారు. కుందేళ్ళు చుట్టాల్నీ వెంటేసుకొచ్చాయి. ఎలుగుబంటి కుండలు ఇంటికి మోసుకుపోయి, రోజూ ముందు వరసలో కూర్చుని కథ లేడి దగ్గరికి రాగానే భోరుమనేది. "ఇంత అందాన్ని మా కంటపడకుండా చేస్తార్రా!" అని నెమలి కోతుల్ని వెంటపడి పొడిచింది. పున్నమికి వంద కాదు, వెయ్యి దాటారు.

పున్నమి వెళ్ళిన వారానికి పెద్ద వాన. గుహ కప్పు కారి తెల్లమట్టి మొత్తం కరిగిపోయింది. లేడి మళ్ళీ ఎగిరింది!

సాంబయ్య ముళ్ళు గలగలలాడిస్తూ గంతులేశాడు. "వచ్చేసింది! నా లేడి వచ్చేసింది! రండ్రా, కళ్ళారా చూద్దురుగాని!"

నెమలి గుమ్మంలోంచే మెడ చాచింది. "ఓహో, ఉందా? ఉంటే ఇంకేం బాబాయ్, ఎక్కడికి పోతుంది? ఎప్పుడైనా చూడొచ్చు."

బారు కరిగిపోయింది. సాయంత్రానికి ఎలుగుబంటి ఒక కుండ చంకన పెట్టుకుని వచ్చి, "ఊరికే ఖాళీగా ఉంటోందని..." అంటూ నసిగింది.

సాంబయ్య లేడి వంక చాలాసేపు చూశాడు. "ఏమీ అనుకోకే తల్లీ," అని, వీపున ముళ్ళు నాలుగు పీకి కుంచెలా కట్టి తెల్లమట్టిలో ముంచాడు.

నీతి: పక్కనే ఉన్నదాన్ని జనం చూడాలంటే, ముందు దాన్ని కనబడకుండా చెయ్యాలి.